ఎడమకు చురుకు, కుడికి బద్ధకం: ఒక ఎయిలరాన్ కేసు

నేపథ్యం

బాల్సా అనే తేలికపాటి చెక్కతో కట్టిన లో-వింగ్ (రెక్క పొట్ట అడుగున ఉండే) స్పోర్ట్ మోడల్ అది, రేడియోతో ఎగరేసే చిన్న విమానం. రెక్కల పొడవు ఒకటిన్నర మీటరు, ఎలక్ట్రిక్ మోటారు, నాలుగు సెల్స్ లైపో బ్యాటరీ. ఎయిలరాన్లకు, అంటే విమానాన్ని పక్కకు ఒరిగించడానికి రెక్కల వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలకు, రెక్క అడుగున చెరో వైపు ఒక సర్వో (వాటిని కదిపే చిన్న మోటారు). రెండూ వై-లీడ్‌తో (రెండు తీగలను ఒకటిగా కలిపే వైరు) కలిసి రిసీవర్‌లో ఒకే చానల్‌కు వెళ్తాయి. ఇప్పటి యజమాని రిటైరయ్యాక ఈ హాబీలోకి వచ్చిన పెద్దాయన. ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) మీద చేయి కుదిరాక ఈ విమానాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు.

నా దగ్గరికి మరమ్మతుకు కొత్తగా ఏ విమానం వచ్చినా స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే దాని చరిత్ర అడుగుతాను. పాత యజమానికి ఫోన్ చేయించి అడిగితే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఎప్పుడో ఎడమ రెక్క నేలకు తగిలి ఎయిలరాన్ దగ్గర చెక్క దెబ్బతింటే అతికించారు. రెండోది, కుడి సర్వో గేర్ల పళ్లు విరిగితే అదే రకం కొత్త సర్వో వేశారు. ఆ రెండూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అప్పటికి వాటికీ సమస్యకూ సంబంధం ఉంటుందని అనుకోలేదు, లేదనీ అనుకోలేదు.

ఫిర్యాదు

ఆయన మాటల్లోనే చెప్పాలంటే: "బాబూ, ఎడమకైతే అడక్కముందే తిరుగుతుంది. కుడికి బతిమాలాలి."

ఇంతకంటే మంచి రోగ వర్ణన నేను రాయలేను. స్టిక్ పూర్తిగా ఎడమకు తోస్తే చకచకా రోల్ అవుతుంది (పక్కకు దొర్లుతుంది), కుడికి తోస్తే తాపీగా. మామూలు మలుపుల్లో తేడా అంతగా తెలియదు, పూర్తి రోల్ చేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మైదానంలో నేనూ ఎగరేసి చూశాను. అప్పుడు నా దృష్టి ఆగింది వేరే చోట: సగం థ్రాటిల్‌లో స్టిక్ వదిలేస్తే విమానం చక్కగా తిన్నగా పోతోంది. ట్రిమ్ (స్టిక్ ముట్టుకోకుండానే ఎయిలరాన్‌ను కాస్త ఒక వైపుకు ఉంచే సర్దుబాటు) దాదాపు అక్కర్లేదు.

రెక్క మెలిపడి ఉంటేనో, ఒక రెక్క కొస బరువుగా ఉంటేనో విమానం ఎప్పుడూ ఒక పక్కకు వాలాలని చూస్తుంది, దాన్ని ట్రిమ్‌తో ఆపుకుంటూ ఉండాలి. ఇక్కడ అది లేదు. స్టిక్ కదిపితేనే తేడా, ఎక్కువ కదిపితే ఎక్కువ తేడా. అంటే తప్పు విమానం ఆకారంలో లేదు, స్టిక్‌కూ ఎయిలరాన్‌కూ మధ్య ఎక్కడో ఉంది. బెంచీ మీద సగం పని ఈ ఒక్క గమనికతో తప్పింది.

అప్పటికే చేసి చూసినవి

మైదానంలో అందరూ చెప్పిన కారణం మోటారు టార్క్. వినడానికి సబబుగానే ఉంటుంది. ముందున్న ప్రొపెల్లర్, వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంటే, ప్రతిచర్యగా విమానం ఎడమకు ఒరగాలని చూస్తుంది. కాబట్టి ఎడమ రోల్ సులువు, కుడి రోల్ కష్టం. ఆ మాట నమ్మి ఆయన మోటారు మౌంట్ కింద వాషర్లు పెట్టి మోటారును కాస్త కుడికి తిప్పారు. తేడా రాలేదు. రాదు కూడా. రైట్ థ్రస్ట్ (ఇలా మోటారును కుడికి తిప్పడం) ముఖ్యంగా ముక్కు ఎడమకు లాగడాన్ని సరిచేస్తుంది, రోల్ వేగాన్ని కాదు.

టార్క్ అవునో కాదో తేల్చుకోవడానికి బల్ల, కొలబద్ద ఏమీ అక్కర్లేదు. బాగా ఎత్తుకు తీసుకెళ్లి థ్రాటిల్ పూర్తిగా మూసేసి, గ్లైడ్‌లో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి రోల్ చేసి చూశాను. మోటారు లాగనప్పుడు లెక్కలోకి వచ్చేంత టార్క్ ఉండదు. అయినా ఎడమ చురుకు, కుడి బద్ధకం అలాగే ఉన్నాయి. టార్క్ వాదన అక్కడితో అయిపోయింది.

ఆయన చేసిన రెండో ప్రయత్నం రేడియోలో. ఎయిలరాన్ ఎండ్ పాయింట్, అంటే పూర్తి స్టిక్‌కు సర్వో ఎంత దూరం తిరగాలన్న సెట్టింగు, కుడికి 115 శాతం, ఎడమకు 90 శాతం పెట్టారు. దాంతో పూర్తి స్టిక్‌లో రెండు రోల్స్ దాదాపు సమానమయ్యాయి. కానీ వారం తిరక్కుండానే కొత్త ఫిర్యాదు: ల్యాండింగ్‌కు దిగేటప్పుడు రెక్కలు సరిచేయబోతే విమానం ఊగుతోంది, కుడికి కాస్త తాకినా ఎక్కువ స్పందిస్తోంది.

ఈ మలుపు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. లింకేజీ (సర్వోను ఎయిలరాన్‌తో కలిపే కడ్డీ, దాని అమరిక) కోణాల వల్ల వచ్చే తేడా న్యూట్రల్ (స్టిక్ మధ్యలో ఉన్న స్థితి) దగ్గర సున్నా. స్టిక్ దూరం జరిగే కొద్దీ అది పెరుగుతుంది. ఎండ్ పాయింట్ అలా కాదు, స్టిక్ మొదటి మిల్లీమీటరు నుంచి చివరి దాకా ఒకే నిష్పత్తిలో పెంచుతుంది, తగ్గిస్తుంది. వంపు తిరిగిన తప్పుకు సరళరేఖ మందు వేశారన్నమాట. చివర్లో తేడా పోయింది, మధ్యలో లేని తేడా పుట్టింది. 115కూ 90కీ మధ్య నిష్పత్తి చూడండి: న్యూట్రల్ చుట్టూ కుడి వైపు సున్నితత్వం ఎడమ కంటే పాతిక శాతం పైనే ఎక్కువ. విమానాన్ని దింపేటప్పుడు మనం వాడేది ఆ మధ్య భాగాన్నే. పూర్తి స్టిక్ రోల్స్ సరదా కోసం, ల్యాండింగ్ మాత్రం ప్రతిసారీ తప్పదు. అందుకే ఈ మరమ్మతు జబ్బు కన్నా ప్రమాదం.

కుడి సర్వో మార్చమని ఒక షాపులో సలహా ఇచ్చారట. గైరో (విమానం ఒరుగుడును పసిగట్టి తానే సరిచేసే పరికరం) ఉన్న రిసీవర్ పెడితే సరిపోతుందని ఇంకొకరు అన్నారు. గైరో కొంత కప్పిపుచ్చుతుంది, నిజమే. కానీ ఎయిలరాన్ కుడివైపు పైకి లేవగలిగిందే తక్కువైతే, గైరో అడిగినా అది అంతకంటే లేవదు. ఆ రెండు ఖర్చులూ ఆపించాను.

బల్ల మీద

ముందుగా ప్రొపెల్లర్ విప్పేశాను. ఎలక్ట్రిక్ విమానాన్ని బెంచీ మీద పవర్ ఇచ్చి సెటప్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఉంచుకోవడం వేళ్లతో పందెం కాయడమే. తర్వాత రేడియోలో కొత్త మోడల్ మెమరీ తెరిచాను. ట్రిమ్, సబ్‌ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగు) సున్నా, ఎండ్ పాయింట్లు అన్నీ 100, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే సెట్టింగు) లేదు. పాత సెట్టింగుల మీద కొలిస్తే విమానాన్ని కొలుస్తున్నానో, ఆయన సవరణలను కొలుస్తున్నానో తెలియదు.

ఏ కొలతకైనా ముందు చేయాల్సిన పని, లింకేజీలో ఆట (వదులు) ఉందా, బిగుతు ఉందా చూడడం. సర్వో ఆర్మ్ (చెయ్యి) పుష్‌రాడ్ అనే కడ్డీని కదుపుతుంది, ఆ కడ్డీ కొసన క్లెవిస్ అనే కొక్కెం ఎయిలరాన్‌కు బిగించిన హార్న్ అనే చిన్న కొమ్ముకు తగులుకుంటుంది. క్లెవిస్ విప్పేసి ఎయిలరాన్‌ను వేలితో ఎత్తి వదిలితే రెండు వైపులా దానంతటదే జారి పడింది, హింజ్‌లు (కీళ్లు) పట్టేయడం లేదు. మళ్లీ తగిలించి వెనక అంచును చూపుడు వేలితో పైకీ కిందికీ నొక్కితే కదలిక పావు మిల్లీమీటరు కూడా లేదు. పుష్‌రాడ్లు పొట్టివి, 2 మిల్లీమీటర్ల స్టీలు తీగ. ఇది కూడా ప్రత్యేకంగా చూశాను: సన్నటి పొడవాటి పుష్‌రాడ్ లాగినప్పుడు బిగుతుగా ఉండి, తోసినప్పుడు విల్లులా వంగుతుంది, దానివల్ల కూడా ఒక వైపే కదలిక తగ్గుతుంది. ఎయిలరాన్‌ను చేత్తో పట్టుకుని స్టిక్ తోస్తే వంపు కనపడలేదు. స్టిక్‌ను ఎడమ నుంచి వదిలినా కుడి నుంచి వదిలినా సర్వోలు ఒకే చోటికి తిరిగొచ్చాయి. సర్వోలు ఆరోగ్యంగానే ఉన్నాయి.

ఇక కొలతలు. ఎయిలరాన్ వెడల్పు 45 మిల్లీమీటర్లు, వెనక అంచు దగ్గర స్కేలు నిలబెట్టి పూర్తి స్టిక్‌లో కొలిచాను. ఎడమ ఎయిలరాన్ పైకి 19, కిందికి 17 మిల్లీమీటర్లు. కుడిది పైకి 15.5, కిందికి 19.5.

నాలుగు అంకెలు నాలుగు రకాలుగా ఉన్నాయి. వీటిని విడివిడిగా చూస్తే తికమక, రోల్ వారీగా జత చేస్తే కథ తెలిసిపోతుంది. ఎడమ రోల్‌లో ఎడమ ఎయిలరాన్ పైకి, కుడిది కిందికి పోతాయి: 19, 19.5. కుడి రోల్‌లో కుడిది పైకి, ఎడమది కిందికి: 15.5, 17. మొత్తం మీద 38.5కు 32.5. పెద్దాయన వేళ్లు చెప్పిందే స్కేలూ చెప్పింది.

ఇంకొకటి గమనించాలి. ఒకే ఎయిలరాన్ పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదలడం తప్పు కాదు. కిందికి దిగిన ఎయిలరాన్ డ్రాగ్ ఎక్కువ పుట్టించి ముక్కును మలుపుకు ఎదురు దిశలో లాగుతుంది కాబట్టి చాలా విమానాల్లో కావాలనే పైకి ఎక్కువ ఇస్తారు. తప్పు ఎప్పుడంటే, ఎడమదానికి కుడిది అద్దంలో బొమ్మలా లేనప్పుడు. ఇక్కడ ఎడమది పైకి ఎక్కువ, కుడిది కిందికి ఎక్కువ. రెండు వైపులా రెండు వేర్వేరు తప్పులు ఉన్నాయని, అవి ఒకదానికొకటి తోడయ్యాయని అప్పుడే అనుమానం వచ్చింది. ఒకటే తప్పయితే రెండో రెక్క అంకెలు సమానంగా ఉండాలి కదా.

స్టిక్ న్యూట్రల్‌లో ఉంచి కుడి సర్వో దగ్గర విజిటింగ్ కార్డు మూల పెట్టి చూశాను. ఆర్మ్ పుష్‌రాడ్‌కు లంబంగా లేదు, వెనక్కి ఒరిగి ఉంది. సుమారు ఒక పన్ను మేర. సర్వో షాఫ్ట్ మీద 25 పళ్లు ఉంటాయి, ఒక్కో పన్ను 14.4 డిగ్రీలు. సర్వో మార్చినవారు పవర్ ఇచ్చి సెంటర్ చేయకుండా ఆర్మ్ బిగించి, ఎయిలరాన్ వంకరగా నిలబడితే క్లెవిస్ తిప్పి సమం చేశారని అర్థమైంది. పైకి చూస్తే అంతా సమంగానే కనిపిస్తుంది. సర్వో ఆర్మ్ ఊయల లాంటిది. అడుగున ఉన్నప్పుడు ప్రతి డిగ్రీకీ ఎక్కువ దూరం అడ్డంగా పోతుంది, పక్కలకు పోయే కొద్దీ ఆ దూరం తగ్గుతుంది. ముందే వెనక్కి ఒరిగిన ఆర్మ్ ఇంకా వెనక్కి పోతే పుష్‌రాడ్‌ను తక్కువ తోస్తుంది, ముందుకు వస్తే అడుగు దాటుకుంటూ వస్తుంది కనుక ఎక్కువ లాగుతుంది. 10 మిల్లీమీటర్ల ఆర్మ్ 45 డిగ్రీలు తిరిగితే లెక్క ప్రకారం తోపు 6.1 మిల్లీమీటర్లు, లాగుడు 7.6. హార్న్ రెక్క అడుగున ఉంది కాబట్టి తోపు అంటే ఎయిలరాన్ పైకి, లాగుడు అంటే కిందికి. కుడి అంకెలకు సంజాయిషీ దొరికింది.

ఎడమ వైపు ఆర్మ్ నిక్కచ్చిగా లంబంగా ఉంది. తేడా హార్న్‌లో ఉంది. క్లెవిస్ పిన్ను దూరే రంధ్రం సరిగ్గా హింజ్ గీత మీదికి రావాలి. ఇది 5 మిల్లీమీటర్లు వెనక ఉంది. హార్న్ ముందర రెండు పాత స్క్రూ రంధ్రాలు, వాటిలో జిగురు పూసి ఎండిన మరక. దెబ్బతిన్న చెక్కలో స్క్రూ పట్టకపోతే వెనక గట్టి చెక్క చూసుకుని హార్న్‌ను అక్కడికి జరిపారు. మరమ్మతు చేసినాయన ఆలోచన తప్పని అనను, బలం కోసం చేశాడు. కానీ 18 మిల్లీమీటర్ల ఎత్తున్న హార్న్‌కు 5 మిల్లీమీటర్లు వెనక్కంటే న్యూట్రల్‌లోనే 15 డిగ్రీల పైచిలుకు ఒరిగినట్టు. అలా ఒరిగితే అదే పుష్‌రాడ్ కదలికకు ఎయిలరాన్ పైకి ఎక్కువ, కిందికి తక్కువ పోతుంది.

రెండు దారులు

కుడి ఆర్మ్ సరిచేయడంలో ఆలోచించాల్సింది లేదు. ఎడమ హార్న్ విషయంలో మాత్రం ఆయనకూ నాకూ చర్చ జరిగింది.

"ఆ పాత రంధ్రాల జోలికి ఎందుకు పోవడం? కుడి హార్న్‌ను కూడా 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే రెండూ ఒకటవుతాయి కదా" అన్నారాయన. తెలివైన ప్రశ్నే. అలా చేస్తే రెండు వైపులా అద్దంలో బొమ్మల్లా అవుతాయి, పైకి ఎక్కువ కదలడం ఉచితంగా వస్తుంది. మా మైదానంలో మరో పాతకాపు కూడా అదే చేసేవాణ్నని అన్నాడు. పాత రకం నాలుగు చానల్స్ రేడియో అయితే నేనూ అదే చేసేవాణ్ని.

నేను ఒప్పుకోనిది ఎందుకంటే, ఆయన రిసీవర్‌లో ఖాళీ చానల్ ఉంది. వై-లీడ్ తీసేసి రెండు ఎయిలరాన్లకు రెండు చానల్స్ ఇస్తే పైకీ కిందికీ తేడా ఎంత కావాలో రేడియోలో పెట్టుకోవచ్చు, ఎగరేసి చూసి మార్చుకోవచ్చు. హార్న్‌తో తెచ్చుకున్న తేడా అక్కడే పాతుకుపోతుంది. ఎంత కావాలో తెలియనప్పుడు ఇనుపకట్టు వేసుకోకూడదు. మరి మెకానికల్‌గా ఏదీ సరిచేయకుండా ఆ రెండు చానల్స్‌తోనే నెట్టుకురావచ్చు కదా అంటే, కుడి ఆర్మ్ 14.4 డిగ్రీల ఒరుగుడును సబ్‌ట్రిమ్‌తో సరిచేయాలంటే సుమారు 160 మైక్రోసెకన్లు (సర్వోకు పంపే సంకేతం పొడవును ఇలా కొలుస్తారు) కావాలి. సర్వో సగం ప్రయాణమే సుమారు 500 మైక్రోసెకన్లు. అందులో అంత భాగం ఒక వైపు నుంచి తినేస్తే ఆ వైపు సర్వో ముందే గోడకు తగులుతుంది.

సరిచేసిన తీరు

కుడి సర్వోకు పవర్ ఇచ్చి, స్టిక్ న్యూట్రల్‌లో ఉంచి ఆర్మ్ ఊడదీశాను. ఒంటి ఆర్మ్‌ను ఒక పన్ను అటు వేస్తే ముందుకు, ఇటు వేస్తే వెనక్కు, లంబం దగ్గర ఆగదు. ఇలాంటప్పుడు నాలుగు చేతుల స్టార్ ఆర్మ్ వాడతాను. 25ను నాలుగుతో భాగిస్తే పావు మిగులుతుంది. కాబట్టి ఒక్కో చెయ్యి పళ్ల మీద పావు పన్ను, అంటే 3.6 డిగ్రీలు, తేడాగా కూర్చుంటుంది. నాలుగు చేతులూ వంతుల వారీగా వేసి చూసి, లంబానికి దగ్గరగా వచ్చిన చెయ్యి ఉంచి మిగతా మూడింటినీ కట్టర్‌తో కత్తిరించాను. 24 పళ్ల సర్వోకు ఈ కిటుకు పనికిరాదు, నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కనుక నాలుగు చేతులూ ఒకేలా కూర్చుంటాయి.

లంబం చూడాల్సింది పుష్‌రాడ్‌కు, సర్వో పెట్టెకు కాదు. పుష్‌రాడ్ రెక్క లోంచి కాస్త వాలుగా వస్తుంది కాబట్టి ఈ రెండూ ఒకటి కావు.

ఇంకా సుమారు రెండు డిగ్రీల ఒరుగుడు మిగిలింది. దాన్ని వదిలేశాను. రెండు డిగ్రీలకు తోపు, లాగుడు మధ్య తేడా మూడు శాతం, కంటికి కనబడదు, వేలికి తెలియదు. ఎయిలరాన్ సమంగా నిలబడడానికి క్లెవిస్ తిప్పితే సరిపోయింది. ఎం2 మర ఒక చుట్టుకు 0.4 మిల్లీమీటరు, ఈ హార్న్ మీద అది డిగ్రీ పావు.

ఎడమ వైపు పని నిదానంగా సాగింది. హార్న్ విప్పి, మెత్తబడ్డ బాల్సాను చతురస్రంగా కోసి తీసేసి, అదే మందం గట్టి చెక్క ముక్కను ఎపాక్సీ జిగురుతో కూర్చోబెట్టాను. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు ఫిల్మ్ అతుకు వేసి, పెన్సిల్‌తో హింజ్ గీతను రెక్క అడుగున గీసుకుని, హార్న్ రంధ్రం ఆ గీత మీదికి వచ్చేలా స్క్రూలు బిగించాను. స్క్రూ రంధ్రాల్లో ఒక్కో చుక్క పలచటి సీఏ గ్లూ (క్షణాల్లో అతికే జిగురు) వేసి గట్టిపడనిచ్చాను.

మళ్లీ కొలిస్తే నాలుగు అంకెలూ 18కి అర మిల్లీమీటరు అటూ ఇటూ. స్పోర్ట్ మోడల్‌కు అంత కదలిక ఎక్కువే. రేడియోలో తగ్గించకుండా క్లెవిస్‌లను రెండు ఆర్మ్‌ల మీదా 8 మిల్లీమీటర్ల రంధ్రంలోకి మార్చాను. సర్వో తన పూర్తి ప్రయాణం వాడుకుంటుంది, బలం పెరుగుతుంది, ఉన్న కాస్త ఆట ప్రభావమూ తగ్గుతుంది. ఇప్పుడు పైకి 14, కిందికి 14. వై-లీడ్ తీసేసి రెండు చానల్స్‌కు కలిపాను, కానీ పైకీ కిందికీ తేడా ఇంకా పెట్టలేదు. మోటారు మౌంట్ వాషర్లు కూడా తీసేసి మొదటిలాగే బిగించాం.

మళ్లీ గాల్లోకి

రోల్స్ రెండు వైపులా ఒకే వేగం. ల్యాండింగ్‌లో ఊగడం లేదు. మలుపుల్లో ముక్కు కాస్త బయటికి ఈడుస్తోంది, రెండు వైపులా సమానంగా. రేడియోలో కిందికి కదలికను కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే 11 దగ్గర ఆ ఈడుపు పోయింది. పైకి 14 అలాగే ఉంది.

లూప్ పైభాగంలో ఎడమ రెక్క కొద్దిగా జారడం కొత్తగా కనపడింది. ఇది ముందు నుంచీ కొంత ఉండి ఉండాలి, పెద్ద తేడా చాటున తెలియలేదు. కారణం ఎడమ రెక్కలో పాత జిగురు బరువు, ఇప్పుడు దానికి తోడైన కొత్త ఎపాక్సీ. విమానాన్ని ముక్కు దగ్గర, తోక దగ్గర వేళ్ల మీద ఆనించి చూస్తే ఎడమ వైపు వాలింది. కుడి రెక్క కొసన చిన్న సీసం ముక్క అంటిస్తే సర్దుకుంది. ఎయిలరాన్ అంకెలు సమానమయ్యాకే ఈ పని చేయాలి. ముందే చేసి ఉంటే ఏ మందు దేనికి పని చేసిందో తేలేది కాదు.

ఈ కేసు తర్వాత

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ విమానం ఎవరు తెచ్చినా మొదట రేడియోలో సబ్‌ట్రిమ్, ఎండ్ పాయింట్ పేజీలు తెరిచి చూస్తాను. ఎండ్ పాయింట్లు రెండు వైపులా వేర్వేరుగా ఉన్నాయంటే కింద ఎక్కడో ఆర్మ్ గానీ హార్న్ గానీ ఒరిగి ఉందని అనుమానిస్తాను. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) విషయంలో ఇంత పట్టుదల ఉండదు. పైకి 12, కిందికి 11 ఉన్నా ఎగరేసేవాళ్లకు తెలియదు. అయితే ఎలివేటర్ రెండు భాగాలుగా ఉండి ఒక భాగం ఎక్కువ లేస్తుంటే అది మళ్లీ ఎయిలరాన్ జబ్బే. లాగినప్పుడల్లా విమానం ఒక పక్కకు ఒరుగుతుంది.

పెద్దాయన విమానంలో ఇంకా ఒక పని మిగిలి ఉంది. ఎడమ సర్వోకు పాత ఒంటి ఆర్మే ఉంది, క్లెవిస్ పిన్ను దగ్గర రంధ్రం కొద్దిగా అరిగింది. ఇప్పటికి ఆట తెలియడం లేదు. వచ్చే వర్షాకాలంలో ఎగరడం ఎలాగూ ఆగుతుంది, అప్పుడు రెండు వైపులా ఒకే రకం ఆర్మ్‌లు వేసి మళ్లీ నాలుగు అంకెలు కొలవాలని ఆయన నోట్‌బుక్‌లోనే రాయించాను.